వరహాలమ్మకు సందేహం లేదు

జూలై ఇరవై ఎనిమిదో తారీఖు ఉదయం పది గంటల పదకొండు నిమిషాలకు వరహాలమ్మ మీద మొదటి అనుమానం పడింది. ఆమె చేసిన నేరం ఒక్కటే. ఆమెకు ఏ సందేహమూ లేదు.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు మూడో కిటికీ వెనకాల కూర్చున్న చిదంబరం. ఆయన హోదా మార్గదర్శకుడు, ద్వితీయ శ్రేణి.

"నాకు డౌట్లేవీ లేవండి బాబూ. రిటర్ను మొత్తం నింపేసేను. ఆ నంబరొకటి ఇప్పిస్తే వెళ్ళిపోతాను."

చిదంబరం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమెను తల నుంచి చేతిసంచీ దాకా చూశాడు. పక్క కిటికీలో గుమాస్తా రాయడం ఆపి చెవి ఇటు వేశాడు.

వరహాలమ్మకు పాత బస్టాండు వెనక లేడీస్ టైలరింగ్ షాపుంది. అయిదు మిషన్లు. కింద నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. భర్త గౌరినాయుడు బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళుగా ఆమె గుడ్డ మీద సుద్దతో గీసిన చోటే కత్తెర పెట్టింది. గీసిన గీత చెరిపి ఎరగదు. తొమ్మిదేళ్ళుగా తన ఆదాయపు పన్ను రిటర్ను తనే వేసుకుంటోంది.

ఈ ఏడు ఆ రిటర్ను రశీదుతో పెద్ద పనే ఉంది. ఊరి చివర బాలికల గురుకులానికి ఆరువందల జతల యూనిఫారాలు కుట్టడానికి టెండరు పిలిచారు. ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం అయిదింటికి పెట్టె మూసేస్తారు. కవరులో ఈ ఏటి రశీదు లేకపోతే ఆ కవరు తెరవరు. ఆ పని వస్తే నలుగురికీ ఏడాది పొడవునా చేతినిండా కుట్టుపని. రాకపోతే ఇద్దర్ని మానిపించాలి. ఏ ఇద్దర్ని అన్నది ఆలోచించడం ఇష్టం లేకే వరహాలమ్మ టెండరు ఫారం తెచ్చుకుంది.

సరిగ్గా ఈ ఏడే కొత్త పథకం వచ్చింది. వ్యక్తిగత పన్నుదారుల మార్గదర్శన మండలి అని ఒక సంస్థ ఉంది. ఏటా లక్షలమంది రిటర్నులు తప్పుగా నింపుతున్నారని గమనించి అది ఒక కమిటీ వేసింది. కమిటీ పదకొండు నెలలు కూర్చుని, జనం తప్పులు చేయడానికి కారణం అడక్కపోవడమేనని కనిపెట్టింది. కాబట్టి ఇకమీదట ప్రతి పన్నుదారూ మార్గదర్శన కేంద్రానికి స్వయంగా వచ్చి, కనీసం ఒక సందేహం అడిగి, అది తీర్చుకుని, నివృత్తి సంఖ్య తీసుకోవాలి. ఆ సంఖ్య కొట్టకపోతే కంప్యూటర్లో చివరి బటన్ వెలగదు.

మార్గదర్శకులకు మాత్రం మినహాయింపు. సందేహాలు తీర్చేవారికి సందేహాలుండవు గనుక వారికి సంఖ్య అవసరం లేదని పథకం మొదటి పేజీలోనే రాసుకున్నారు.

"సందేహం లేకుండా రిటర్ను ఎలా నింపారమ్మా?" అన్నాడు చిదంబరం.

"మీ పుస్తకం చూసేనండి."

వరహాలమ్మ సంచీలోంచి ఒక పుస్తకం తీసింది. మండలివారే వేసి ఉచితంగా పంచిన అరవై నాలుగు పేజీల పన్ను కరదీపిక అది. అట్ట మీద సుద్ద మరకలు. మధ్యలో గుర్తుకు పెట్టుకున్న ఎర్రదారం.

చిదంబరం దాన్ని ముట్టుకోలేదు. "చదివారా?"

"చదివేనండి."

"మొత్తం?"

"ఎంతండీ, అరవై నాలుగు పేజీలే కదా."

"అది పంచడానికి వేసిన పుస్తకమమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "చూడండి, ఈ ఫారంలో మూడు గళ్ళున్నాయి. సందేహ స్వభావం, సందేహ పరిమాణం, ఎన్నాళ్ళనుంచి బాధిస్తోంది. మూడూ నిండాలి."

"లేదు అని రాసేయండి."

"రాస్తే మిషన్ తీసుకోదు. సున్నా ఆదాయానికి రిటర్ను ఉంది. సున్నా సందేహానికి ఏర్పాటు లేదు."

వరహాలమ్మ నిజాయితీగా ఆలోచించింది. "ఒకటుందండి. ఆ యూనిఫారం టాపుకి జేబుండాలా, అక్కర్లేదా అన్నది టెండరు కాగితంలో లేదు. కాలరుంది, బొత్తాలున్నాయి, చెయ్యి పొడవుంది, జేబు మాటే లేదు. రెండ్రోజులై అదే కొట్టుకుంటోంది మనసులో."

"ఇది పన్నుకు సంబంధించినదా?"

"కాదండి."

"అయితే ఇది సందేహం కాదు. తర్వాతి వారు రండి."

వరహాలమ్మ పక్కకు వెళ్ళి, గోడకి ఆనుకుని, పావుగంట సేపు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక సందేహం తయారుచేసింది. మళ్ళీ వరసలో నిలబడి కిటికీ దగ్గరకొచ్చింది.

"పొదుపు ఖాతాలో బ్యాంకువాళ్ళు వేసే వడ్డీ ఉంటుంది కదండీ, అది ఆదాయంలో చూపించాలా?"

చిదంబరం ముఖం విప్పారింది. "ఇదీ సందేహమంటే. అక్కర్లేదమ్మా. చిన్న మొత్తం. వదిలేయండి." సంఖ్య రాసే పుస్తకం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు.

ఆ పెన్ను కాగితానికి తగలడానికి ఒక్క క్షణం ఉంది. ఆ క్షణం నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని కళ్ళముందు ఎవరైనా గీత తప్పి కత్తిరిస్తుంటే ఊరుకోవడం వరహాలమ్మ వల్ల కాదు.

"అలా కాదండి. ఎంత చిన్నదైనా చూపించాలి. పంతొమ్మిదో పేజీ."

పెన్ను గాల్లో ఆగిపోయింది.

"చూపించాలా?"

"చూపించాలండి."

"నేను ఆరేళ్ళుగా..." అని, చిదంబరం దగ్గాడు. నడుం నిటారు చేశాడు. "జవాబు మీకు ముందే తెలుసన్నమాట. జవాబు తెలిసిన సందేహం సందేహం కిందకి రాదు. తిరస్కరించడమైనది."

ఆమె వెనక్కి తిరిగాక ఆయన అటూ ఇటూ చూసి, అరచేతిలో చిన్నగా పంతొమ్మిది అని రాసుకున్నాడు.

మర్నాడు కేంద్రం గేటు దగ్గర రేకుల పందిరి కింద గుంపస్వామి పిలిచాడు. ఒకప్పుడు అక్కడే రెవెన్యూ స్టాంపులూ తెల్లకాగితాలూ అమ్మేవాడు. ఇప్పుడు సరుకు మార్చాడు.

"అక్కా, డౌటు కావాలా?"

వరహాలమ్మ ఆగింది.

"జీతగాళ్ళ డౌటు నలభై. ఇల్లద్దె డౌటు డెబ్బై. వారసత్వం డౌటు రెండొందలు, కాకపోతే దానికి మీ ఇంట్లో ఎవరో ఒకరు పోయి ఉండాలి."

"టైలర్లకేటుంది?"

"టైలర్ల డౌటు నిన్న మధ్యాహ్నంతో అయిపోయిందక్కా. పదకొండుమంది పట్టుకెళ్ళారు. పడవ డౌటుంది, కొత్తది, ఎవరూ ముట్టలేదు. పాత వల తీసి కొత్త వల వేస్తే ఆ ఖర్చు ఈ ఏడు రాయాలా, కొన్నేళ్ళకి పంచి రాయాలా? ఎనభై."

"నాకు పడవ లేదు కదయ్యా."

"డౌటుకి పడవెందుకక్కా?"

వరహాలమ్మ ఎనభై ఇచ్చింది. ఇరవై రెండేళ్ళలో కొలత తీసుకోకుండా ఆమె చేసిన మొదటి పని అదే.

అందరూ ఒకే సందేహం పట్టుకొస్తున్నారని మండలి అప్పటికే పసిగట్టింది. ఆ ఉదయమే మేడమీద సందేహ నిర్ధారణ విభాగం తెరిచారు. దాని అధికారిణి సుగుణశీల. ఎదుటి మనిషి మాట పూర్తయ్యాక మూడు క్షణాలు చూసి గాని మాట్లాడదు.

"ఈ సందేహం మీకు ఎప్పుడు కలిగింది?"

"ఇందాకండి."

"ఎక్కడ ఉండగా?"

"గేటు దగ్గరండి."

"కలిగినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?"

"గుంపస్వామి ఉన్నాడండి."

మూడు క్షణాలు. "మీకు పడవ ఉందా?"

"లేదండి."

"సముద్రం?"

"నలభై కిలోమీటర్లండి."

సుగుణశీల కాగితం తిప్పి రాసింది. ఆరోపణ: సొంతం కాని సందేహాన్ని కలిగి ఉండుట. ఆమెను నిస్సందేహ వ్యక్తిగా ఎందుకు ప్రకటించకూడదో ముప్పయ్యో తారీఖున ముఖ్య మార్గదర్శి ఎదుట హాజరై చెప్పుకోవాలి. చెప్పుకోలేకపోతే మూడేళ్ళు ప్రత్యేక పరిశీలన. పరిశీలనలో ఉన్నవారికి నివృత్తి సంఖ్య ఇవ్వరు.

ఆ సాయంత్రం షాపులో గౌరినాయుడు నోటీసు రెండుసార్లు చదివి మడతపెట్టాడు.

"పోనీ నా డౌటు పట్టుకెళ్ళు."

"నీకేటి డౌటు?"

"ఇరవై రెండేళ్ళలో ఒక్క జాకెట్టయినా చెప్పిన రోజుకి ఇచ్చేవా అని."

"అది డౌటేటి? ఊరందరికీ తెలిసిందే," అంది వరహాలమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ. తర్వాత నవ్వలేదు. పక్కగదిలో నలుగురు ఆడవాళ్ళూ మిషన్లు ఆపి ఈ మాటలే వింటున్నారు. ఇద్దరిని మానిపించాల్సి వస్తుందని ఆమె ఎవరికీ చెప్పలేదు. నలుగురికీ తెలుసు.

ముప్పయ్యో తారీఖు విచారణ. పొడవాటి బల్ల వెనక మధ్యలో ముఖ్య మార్గదర్శి దక్షిణామూర్తి, కుడివైపు సుగుణశీల, ఎడమవైపు చిదంబరం. దక్షిణామూర్తి మామూలుగా మాట్లాడినా పక్కన ఎవరో రాసుకుంటున్నట్టే ఉంటుంది.

"శ్రీమతి వరహాలమ్మా, సందేహించడం పౌరుని ప్రాథమిక బాధ్యత అని మండలి దృఢంగా విశ్వసిస్తున్నది. సందేహం లేని పౌరునికి మార్గదర్శనం అందించజాలము. మార్గదర్శనం అందని పౌరుడు దారి తప్పును. మీరు దారి తప్పలేదనుటకు ఆధారమేమి?"

"రిటర్ను సరిగ్గా నింపేను కదండీ."

"మార్గదర్శనం లేకుండా సరిగా నింపుట యాదృచ్ఛికమగును. యాదృచ్ఛికమును మండలి ప్రోత్సహించదు." ఆయన కాగితం తిప్పాడు. "మానవ సహజమైన సందేహ శక్తి మీలో ఉన్నదా అని పరీక్షించెదము. మీ భర్తపై సందేహం కలదా?"

"కండక్టరండీ ఆయన. పావలా చిల్లరక్కూడా లెక్క చెప్తాడు."

"దేవునిపై?"

"అమ్మవారి మీద డౌటేటండీ?"

"రేపటి దినముపై?"

"అది ఉందండి. రేపు అయిదింటికి పెట్టె మూసేస్తారు. టెండరు వస్తాదో రాదో, నా దగ్గర ఎవరుంటారో, ఎవరు వెళ్ళిపోతారో."

దక్షిణామూర్తి సుగుణశీల వైపు వంగి ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది భయము," అన్నాడాయన. "భయము మండలి పరిధిలో లేదు. వేరే సందేహమేదైనా?"

"జేబు సంగతొకటి ఉందండి."

"వస్త్ర సంబంధ సందేహము, పరిధి వెలుపల," అని సుగుణశీల పైకి చదువుతూ రాసుకుంది.

తీర్పు మర్నాటి ఉదయం పదకొండింటికి వాయిదా పడింది.

ముప్పై ఒకటి. పదకొండింటికి వరహాలమ్మ టెండరు కవరు సంచీలో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. పన్నెండయింది. ఒంటిగంటయింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. లోపల మనుషులున్నారు, కీబోర్డుల చప్పుడు వినిపిస్తోంది, కాని ఎవరూ బయటకు రావడం లేదు.

రెండున్నరకి ఒక తలుపు జానెడు తెరుచుకుంది. చిదంబరం.

"అమ్మా, ఒక్కసారి ఇలా రండి." మంచినీళ్ళ డ్రమ్ము వెనక్కి తీసుకెళ్ళి గుసగుసలాడాడు. "సొంత ఇంటి అప్పు మీద వడ్డీ ఎన్నో పేజీ?"

"ముప్పై ఒకటండి. ఏం?"

"ఏం లేదు. ఊరికే." అరచేతిలో రాసుకున్నాడు. ఆ చేతిలో మూడు రోజుల కిందటి పంతొమ్మిది ఇంకా మసక మసగ్గా ఉంది.

ఆయన వెళ్ళిన అయిదు నిమిషాలకి అదే డ్రమ్ము వెనక సుగుణశీల ప్రత్యక్షమైంది. మూడు క్షణాలు ఆగి, "మా చెల్లెలు ఒకావిడ అడగమంది," అని మొదలుపెట్టింది.

అప్పుడు వెలిగింది వరహాలమ్మకి. ఆ రోజు రిటర్ను గడువు ఊరందరికే కాదు, వీళ్ళక్కూడా. సందేహాలు లేనివాళ్ళని సర్కారు కాగితం మీద రాసుకున్నారు కాబట్టి వీళ్ళు ఒకర్నొకరు అడగడానికి లేదు. పుస్తకం పంచారు గాని చదవలేదు. ఆ భవనం మొత్తంలో పుస్తకం చదివిన మనిషి బెంచీ మీద కూర్చుని ఉంది.

మూడూ పదికి పెద్ద గదిలోంచి పిలుపొచ్చింది. దక్షిణామూర్తి ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా కంప్యూటర్లో ఆయన రిటర్ను సగం దగ్గర ఆగిపోయి ఉంది. తలుపు వేయమని సైగ చేశాడు.

"ఒక వ్యక్తి ఉన్నాడనుకుందాం," అన్నాడు కిటికీలోంచి బయటకు చూస్తూ. "ఉన్నత పదవిలో ఉన్నాడు. బ్యాంకులో డిపాజిట్ కలదు. వచ్చిన వడ్డీ మీద బ్యాంకువారు ముందే పన్ను కోసివేసినారు. ఇప్పుడా వడ్డీని ఆ వ్యక్తి మళ్ళీ ఆదాయంగా చూపవలెనా? ఆ వ్యక్తికి తెలియక కాదు."

"మరి ఎవర్నయినా అడగొచ్చు కదండీ ఆయన?"

"అడిగిన, పదవికి అనర్హుడు." ఆయన గోడ గడియారం వైపు చూశాడు. మాటలోంచి గ్రాంథికం జారిపోయింది. "అడక్కపోతే, ఈరోజు దాటితే జరిమానా కట్టాలమ్మా. మార్గదర్శికే జరిమానా పడితే పేపర్లో వేస్తారు."

వరహాలమ్మ గడియారం చూసింది. మూడూ పద్దెనిమిది.

"సార్, ఆ డౌటు ఆయనకి బరువుగా ఉంటే నాకిచ్చేయమనండి."

దక్షిణామూర్తి మెల్లగా ఇటు తిరిగాడు.

"నేను అడిగినట్టు రాసుకోండి. మీరు తీర్చినట్టు రాసుకోండి. నా డౌటు తీరుతుంది, ఆయనకి దారి తెలుస్తుంది."

"మీకు డిపాజిట్ ఉందా?"

"ఉందండి. ఆరో మిషను కోసం దాచుకున్నది. సొంతానిదే. దీనికి సముద్రం కూడా అక్కర్లేదు."

మూడూ ఇరవై అయిదుకి విచారణ సంఘం తిరిగి సమావేశమైంది. వరహాలమ్మ లేచి నిలబడి సందేహం అడిగింది. సుగుణశీల మూడు గళ్ళూ నింపింది. పరిమాణం: పెద్దది. ఎన్నాళ్ళనుంచి బాధిస్తోంది: ఏప్రిల్ నుంచి. తర్వాత అందరూ దక్షిణామూర్తి వైపు చూశారు.

వరహాలమ్మ తన చేతిసంచీని బల్ల మీద పెట్టి, దాని మీద పుస్తకం తెరిచి, ఆయనకి కనిపించేలా తిప్పింది. ఎర్రదారం ఆ పేజీలోనే ఉంది.

"వడ్డీ మొత్తమును," అన్నాడు దక్షిణామూర్తి గంభీరంగా, కళ్ళు కిందికి దించి, "ఆదాయముగా పూర్తిగా చూపవలెను. బ్యాంకువారు ముందే కోసిన పన్నును... తర్వాత... పేజీ తిప్పండి... మీరు కట్టిన పన్నులో కలిపి చూపుకొనవలెను. నివృత్తి అయినదా?"

"అయిందండి."

"సార్," అన్నాడు చిదంబరం లేచి. "ఈవిడకి ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నట్టున్నాయి."

"మూడు," అంది సుగుణశీల. ఈసారి ఆగలేదు.

వరహాలమ్మకి ఆ మధ్యాహ్నం మొత్తం ఏడు సందేహాలు కలిగాయి. ఏడింటినీ మండలి తీర్చింది. పుస్తకం పట్టుకుని పేజీలు తిప్పడానికి ఆమెకు గంట పట్టింది. నాలుగూ ఇరవైకి పధ్నాలుగు అంకెల నివృత్తి సంఖ్య చేతికొచ్చింది. రోడ్డు దాటి నెట్ సెంటర్లో ఆ అంకెలు కొట్టింది. చివరి బటన్ వెలిగింది. రశీదు ప్రింటు వేడి తగ్గకముందే ఆటో ఎక్కింది.

గురుకులం గేటు దాటేసరికి నాలుగూ యాభై మూడు. టెండరు గుమాస్తా లక్క కరిగించి సీలు పట్టుకుని పెట్టె పక్కనే కూర్చున్నాడు. వెనకాల ప్రిన్సిపాల్ శకుంతలాబాయి రిజిస్టరు చూసుకుంటోంది. వరహాలమ్మ రశీదు జతచేసి కవరు వేసింది. పన్నెండో కవరు.

"సంతకం పెట్టమ్మా," అన్నాడు గుమాస్తా. పొద్దుణ్నుంచి పదకొండుసార్లు అడిగిన మాట పన్నెండోసారి అడిగాడు, తల ఎత్తకుండా. "ఏమైనా సందేహాలున్నాయా? లేవు కదా."

మూడు రోజులుగా ఎవరూ తీసుకోని ఆ ఒక్కటీ ఇంకా అలాగే ఉంది ఆమె దగ్గర.

"ఉందండి, ఒకటి. టాపుకి జేబు పెట్టాలా? కాగితంలో రాయలేదు."

గుమాస్తా కాగితం తీసి చూశాడు. ప్రిన్సిపాల్ తల ఎత్తింది.

"కిందటేడు మీ పిల్లల్ని కొందర్ని చూసేనమ్మా, మా షాపుకొచ్చినప్పుడు," అంది వరహాలమ్మ. "ట్రంకుపెట్టె తాళంచెవి నల్లదారం కట్టి మెళ్ళో వేసుకుంటున్నారు. ఆడుకునేటప్పుడు దారం పీకకి బిగుసుకుంటాది. జేబుంటే ఆ గొడవుండదు. చేతిరుమాలూ ఉంటాది."

శకుంతలాబాయి రిజిస్టరు మూసింది. "పదకొండు మంది వచ్చారు. ఎవరూ ఈ మాట అడగలేదు. జేబు పెడితే రేటెంత పెరుగుతుంది?"

"పెరగదమ్మా. కత్తిరింపు ముక్కల్లో వచ్చేస్తాది."

"ఒకటా, రెండా?"

"రెండూ పెట్టేస్తాను. పిల్లలకి చేతులు రెండు కదా."

సరిగ్గా అయిదింటికి పెట్టె మీద లక్క పడింది. వారం తర్వాత కవర్లు తెరిస్తే అందరికన్నా తక్కువ రేటు వరహాలమ్మదే. ఉత్తర్వులో చివరి వాక్యం చేత్తో రాశారు: రెండు వైపులా జేబులు.

ఎవరినీ మానిపించలేదు. ఆరో మిషను కొన్నారు. దాని మీద కూర్చోవడానికి అయిదో ఆడమనిషి వచ్చింది.

ఆగస్టు ఇరవైన మండలి నుంచి రిజిస్టరు పోస్టు వచ్చింది. లోపల దళసరి అట్ట మీద బంగారు అంచుతో ప్రశంసాపత్రం. జిల్లాలో అత్యధిక సందేహాలు కలిగిన పన్నుదారుగా శ్రీమతి వరహాలమ్మను మండలి గుర్తించింది. ఒకే పౌరురాలి ఏడు సందేహాలను ఒకే సమావేశంలో తీర్చిన దక్షిణామూర్తి గారికి పదోన్నతి ఇచ్చి, పథకాన్ని పక్క జిల్లాలకు విస్తరిస్తున్నట్టు దానికి జతచేసిన ఉత్తరంలో ఉంది. ఇంతటి సందేహాలు గలవారు తమంతట తాము రిటర్ను నింపడం ప్రమాదకరం గనుక, వచ్చే ఏడాది నుంచి ఆమె మార్గదర్శకుని సమక్షంలోనే నింపాలని కూడా ఉంది. మార్గదర్శకుని పేరు చిదంబరం. అడుగున ఆయనే చేత్తో రాశాడు: అమ్మా, వచ్చేటప్పుడు పుస్తకం మరచిపోకండి.

"ఫ్రేము కట్టిద్దామా?" అన్నాడు గౌరినాయుడు.

"ఉండు." వరహాలమ్మ ప్రశంసాపత్రాన్ని అందుకుని, మూల పట్టుకుని వంచి చూసింది. వంగలేదు. "మందం బాగుంది. షాపుల్లో దొరకటం లేదు ఇలాంటిది."

బల్ల మీద పరిచి, బంగారు అంచు మీదుగా సుద్దతో ఒకే ఒక్క గీత గీసింది. కత్తెర తీసింది. రెండు నిమిషాల్లో జేబు నమూనా తయారైంది.

ఆరువందల టాపులు, పన్నెండొందల జేబులు. అన్నీ ఆ అట్ట పెట్టే కత్తిరించారు. ఒక్కటీ వంకర పోలేదు.